కాలయంత్రంలో కుటుంబం: ‘ఆదిత్య 369’ – బాల్యస్మృతి, అనౌచిత్యం, చరిత్ర

తెలుగు చలనచిత్రంలో పౌరాణికానికి, జానపదానికి, సాంఘికానికి ఉన్నంత స్పష్టమైన వంశక్రమం వైజ్ఞానిక కల్పనకు లేదు. వేళ్లమీద లెక్కించదగిన ఆ కొద్దిపాటి చిత్రాలలో 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ది విశిష్ట స్థానం. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో శ్రీదేవి మూవీస్ నిర్మించిన ఈ చిత్రానికి జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం సమకూర్చారు. హెచ్. జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవల దీనికి ప్రేరణ. ఒక ఆచార్యుడు నిర్మించిన కాలయంత్రంలో నాయికానాయకులు 1526 నాటి విజయనగరానికి, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి ప్రయాణిస్తారు. 2025 ఏప్రిల్ 4న ఈ చిత్రం కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. చిన్ననాట దీన్ని చూసిన తరం తమ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లింది.

ఆ రెండో వీక్షణంలో పలువురికి ఎదురైన అనుభవమే ఈ వ్యాసానికి ప్రాతిపదిక. ‘పిల్లల సినిమా’గా గుర్తున్న దానిలో పిల్లలకు చూపదగనివిగా తోచే ఘట్టాలు కనిపించాయి. రాజనర్తకి శృంగార చేష్టలు, రాసలీల అన్న మాటను పల్లవిలోనే ధరించిన యుగళగీతం, పసివాణ్ణి వేటాడే హంతకులు – ఇవన్నీ 1991లోనూ ఉన్నవే. స్మృతి వాటిని విడిచిపెట్టి కాలయంత్రాన్ని మాత్రమే దాచుకుంది. స్మృతి ఏ ప్రమాణంతో ఈ ఎంపిక చేసింది? నేడు మనకు అనుచితంగా తోచేదీ, నిజంగా అనుచితమైనదీ ఒకటేనా? ఈ రెండు ప్రశ్నలను ఆలేరు వంటి ఒక చిన్న తెలంగాణ పట్టణపు ప్రేక్షకస్థానం నుంచి పరిశీలించడం ఇక్కడి ప్రయత్నం.

ఔచిత్యం అన్న మాట

‘అనుచితం’ అన్న మాటను మనం నిత్యవ్యవహారంలో ‘అశ్లీలం’ అన్న అర్థానికి కుదించివేశాం. అలంకారశాస్త్రంలో దాని పరిధి చాలా విస్తృతం. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదన్నది ఆనందవర్ధనుని అభిప్రాయం. క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలో ఔచిత్యాన్నే కావ్యానికి జీవితంగా నిలిపి, పదం మొదలు దేశకాలాల వరకు దాని స్థానాలను వింగడించి చూపాడు. శృంగారం ఉండడం అనౌచిత్యం కాదు. ఉండకూడని చోట, ఉండకూడని పాత్రలో, ఉండకూడని రీతిలో ఉండడం అనౌచిత్యం. ‘రసాభాస’ అన్న పారిభాషిక పదం మన ఊళ్లలో ‘గొడవతో ఆగిపోయిన సభ’ అన్న అర్థంలోకి ఎలా దిగివచ్చిందో గాని, మూలార్థంలో అది ఇక్కడ మనకు ఎంతో పనికివచ్చే పదం.

అశ్లీలత గురించిన తీర్పు కాలాన్నిబట్టి మారుతుందనడానికి తెలుగులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ కంటే మెరుగైన నిదర్శనం లేదు. తంజావూరు ఆస్థానంలో ఆదరణ పొందిన ఆ కావ్యం కందుకూరి వీరేశలింగం విమర్శకు గురైంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి ప్రకటించగా ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి ప్రకాశం పంతులు ప్రభుత్వం రావలసివచ్చింది. ఒకే గ్రంథం రసికుల సభలో ఉచితం, సంస్కర్త బల్లమీద అనుచితం, స్వాతంత్ర్యానంతరం వారసత్వం అయింది. అక్షరం మారలేదు. చదివేవారి పక్కన ఎవరు కూర్చున్నారన్నది మారింది.

ఎవరి పక్కన కూర్చుని

సినిమా విషయంలో ఈ ‘పక్కన కూర్చోవడం’ అక్షరాలా వర్తిస్తుంది. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ చూడదగిన చిత్రమన్నది వాల్‌పోస్టర్ల మీద, పత్రికా ప్రకటనల్లో స్థిరపడ్డ నానుడి. కుటుంబచిత్రమంటే శృంగారం లేని చిత్రమని తెలుగు ప్రేక్షకులు ఎన్నడూ అనుకోలేదు. ఇబ్బందికరమైన ఘట్టాన్ని ఇంటిల్లిపాదీ కలిసి దాటగలిగేదే కుటుంబచిత్రం. ఆ దాటే పద్ధతులు వీక్షణ సాధనాలను బట్టి మారుతూ వచ్చాయి.

డేరా టాకీసులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఒకవైపు, మగవాళ్లకు ఒకవైపు చోటుండేది. తండ్రి ముఖం కనిపించదు గనుక బిడ్డకు ఇబ్బంది తెలియదు. పక్కా థియేటరు వచ్చాక కుటుంబమంతా ఒకే వరుసలో కూర్చుంది. అక్కడ పాట మొదలుకాగానే పిల్లలను సోడాకో, పల్లీలకో బయటికి పంపడం పెద్దల ఉపాయం. వీడియో వచ్చిన కాలంలో అద్దెకు తెచ్చిన క్యాసెట్టును ముందుకు తిప్పే మీట ఇంటి పెద్ద చేతిలో ఉండేది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చాక మీట స్థానంలో రిమోట్ వచ్చింది. ఛానల్ మార్చి, పాట అయిపోయి ఉంటుందని అంచనా వేసి తిరిగి రావడం ఒక నేర్పు. ‘ఆదిత్య 369’ను తమ బాల్యచిత్రంగా చెప్పుకునేవారిలో చాలామంది దాన్ని 1991లో వెండితెర మీద చూసినవారు కారు. వీడియోలోనూ, టెలివిజన్ పునఃప్రసారాల్లోనూ చూసినవారు. అంటే వారు చూసినది ఇంటిలో కుటుంబమే కత్తిరించిన ప్రతి. సెన్సారు సంఘం ఒకసారి కత్తిరిస్తే, ఇంటి పెద్దలు ప్రతి వీక్షణలోనూ కత్తిరించారు. ‘చిన్నప్పుడు ఇవన్నీ లేవే’ అన్న ఆశ్చర్యానికి ఇదొక కారణం. వారి చిన్నతనంలో నిజంగానే అవి లేవు.

పునర్విడుదల ప్రదర్శనలో ముందుకు తిప్పే మీట లేదు. పైగా ఈనాటి సున్నితత్వాలు వేరు. 2023 నాటి చలనచిత్ర చట్ట సవరణ, దాన్ని అనుసరించిన 2024 నిబంధనలు ‘యూఏ’ వర్గాన్ని ఏడు, పదమూడు, పదహారేళ్ల వయోభేదాలతో మూడుగా విడదీశాయి. 1983లో ఈ వర్గం ఏర్పడినప్పుడు పన్నెండేళ్లన్న ఒకే గీత ఉండేది. గీతలు ఎన్ని గీసినా, ఏది ఎందుకు అనుచితమన్న ప్రశ్నకు ధ్రువపత్రం సమాధానం చెప్పదు. వయస్సును మాత్రమే చెబుతుంది.

రాజనర్తకి

చిత్రంలో అత్యధికులకు ఇబ్బంది కలిగించేది విజయనగర ఘట్టంలోని రాజనర్తకి సింహనందిని పాత్ర. దీన్ని సిల్క్ స్మిత ధరించారు. ఏలూరు సమీపంలోని కొవ్వలిలో 1960లో జన్మించిన ఆమె అసలు పేరు విజయలక్ష్మి. తెలుగు పల్లెలో పుట్టి, తమిళ తెర మీద పేరు మార్చుకొని, దక్షిణాది అంతటా ‘చూడకూడనిది, అయినా చూసేది’ అన్న ముద్రతో బతికి, 1996 సెప్టెంబరు 23న ముప్పై ఆరేళ్లైనా నిండకుండా మరణించిన నటి. ఆమె తెరమీద ప్రవేశించగానే ప్రేక్షకుడు పాత్రకంటె ముందు ఆ ముద్రనే చూస్తాడు. దర్శకుడు ఆ ముద్రనే వాడుకున్నాడన్నది స్పష్టం.

నా దృష్టిలో ఇక్కడి అనౌచిత్యం వస్త్రధారణలో లేదు, కథానిర్వహణలో ఉంది. నాయికతో నాట్యంలో పోటీ, ఓటమి, పగ, నాయకునిపై అపవాదు అన్న క్రమంలో రాజనర్తకి కుట్రకు నిలయంగా మారుతుంది. ఫలితంగా నాయకునికి మరణశిక్ష పడుతుంది. నాట్యకత్తె అంటే వలపన్నే ఆడది, గృహిణి కాబోయే కన్య అంటే నిష్కళంక అన్న విభజనను చిత్రం ప్రశ్నించకుండా స్వీకరించింది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాతల్లో ఈ విభజన ఇంత సులువుగా కనిపించదు. ఆ నగరపు వేశ్యాంగనల సంపదను, మహర్నవమి వేడుకల్లో వారి నాట్యాన్ని, అంతఃపురంలో రాణుల సమక్షంలో కూర్చుని తాంబూలం సేవించే వారి గౌరవాన్ని అతడు వర్ణించాడు. దాన్ని ఆదర్శీకరించనక్కరలేదు. యాత్రికుని కంటికీ పరిమితులుంటాయి. అయినా సభలో ఒక స్థానం గల కళాకారిణిని సినిమా కేవలం మోహపాశంగా మార్చిందన్నది కాదనలేం.

పాత్ర పేరే ఇందుకు సాక్ష్యం. సింహనందిని అన్నది తెలుగుదేశపు ఆలయనృత్య సంప్రదాయంలోని ఒక ప్రక్రియ. నేలమీద పరచిన పొడి మీద తాళబద్ధంగా పాదాలు కదుపుతూ సింహాకృతిని చిత్రించే క్లిష్టమైన విద్య అది. ఇరవయ్యో శతాబ్దంలో సి. ఆర్. ఆచార్యులు వంటి గురువులు దాన్ని పునరుద్ధరించారు. అంతటి విద్య పేరు మోసిన పాత్రకు చిత్రంలో మిగిలినది చూపు, నవ్వు, పగ.

విజయనగర ఘట్టంలోని పాటలో ‘నెరజాణ’ అన్న పదం ఉంది. వేటూరి రచన. బాలసుబ్రహ్మణ్యం, శైలజలతోపాటు జిక్కి గొంతు వినిపించడం విశేషం. 1950ల పాటల్లో వెలిగిన ఆ గళాన్ని 1991లో తెచ్చి పెట్టడంలోనే గతాన్ని పిలిచే ప్రయత్నముంది. ‘జాణ’ సంస్కృత ధాతువు ‘జ్ఞా’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన మాట. ప్రాచీన ప్రయోగాల్లో తెలిసినవాడు, నేర్పరి అని అర్థం. స్త్రీపురుషులిద్దరికీ చెల్లే పదం. వాడుకలో అది క్రమంగా స్త్రీకే పరిమితమై, నేర్పు నుంచి గడుసుదనానికి, గడుసుదనం నుంచి వలపు మాయకు జారింది. పదానికి జరిగినదే పాత్రకూ జరిగింది.

ఇంతకన్నా చేదైన విషయం మరొకటుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ, జోగిని సమర్పణలను నిషేధిస్తూ చట్టం చేసినది 1988లో, అంటే ఈ చిత్రానికి మూడేళ్ల ముందు. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, ఇతర తెలంగాణ జిల్లాల్లోనూ జోగినులుగా ముడుపుకట్టిన దళిత బాలికల బతుకు అప్పటికి గతం కాదు, వర్తమానం. తెరమీది రాజనర్తకిని చూసి పిల్లల కళ్లు మూసిన సమాజమే జాతరలో ఆడే జోగినిని చూసి కళ్లు మూయలేదు. కుటుంబవీక్షణానికి ఏది తగదన్న చర్చలో ఈ సంగతికి ఎప్పుడూ చోటు దొరకలేదు.

‘మల్లీశ్వరి’ (1951)తో పోల్చి చూస్తే విషయం మరింత తేటపడుతుంది. అక్కడా రాయల నగరమే. అక్కడా అంతఃపుర నియమాన్ని ఉల్లంఘించిన పరాయి పురుషునికి మరణశిక్ష, చివరకు రాయల క్షమ. కాని ఆ చిత్రంలో అనౌచిత్యమంతా రాజవ్యవస్థది. ఊరి పిల్లను పల్లకి పంపి రాణివాసానికి తరలించే ఆచారమే దోషిగా నిలుస్తుంది. నాలుగు దశాబ్దాల తరువాత అదే నగరంలో, అదే శిక్ష ముందు, దోషం ఒక నాట్యకత్తె మీదికి జరిగింది. రాజు నిర్దోషి అయ్యాడు. రాయలుగా, వర్తమాన నాయకునిగా బాలకృష్ణ ఒక్కరే నటించడం వల్ల ఈ నిర్దోషత్వానికి మరింత బలం చేకూరింది. రాయలుగా ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962)లలో నందమూరి తారక రామారావు కనిపించి ఉండడం వల్ల తెలుగు ప్రేక్షకుడు కుమారుని ముఖంలో తండ్రి రాయలను కూడా చూశాడు. తెనాలి రామకృష్ణునిగా చంద్రమోహన్ నటన మాత్రం ఈ భారాలేవీ లేక హాయిగా సాగిందని చెప్పాలి.

పసివాడి భయం

పెద్దలు శృంగారాన్ని గురించి బెంగపడతారు. పిల్లల బెంగ వేరు. ఆలేరులో మా ఇంట పదేళ్లలోపు పిల్లలతో కలిసి ఈ చిత్రాన్ని చూసినప్పుడు నర్తకి పాటలో వారు చూపు తిప్పుకొని తమలో తాము మాట్లాడుకున్నారు. వజ్రం దొంగతనాన్ని చూసిన బాలుడు కిశోర్‌ను దొంగలు తరిమే ఘట్టం రాగానే మాటలు ఆగాయి. ‘వాళ్లమ్మకు ఎందుకు చెప్తలేడు?’ అని ఒకరు అడిగారు. మ్యూజియానికి బడి పిల్లలు వెళ్లడం ఆలేరు పిల్లలకు తెలిసిన అనుభవమే. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం బొమ్మ కోసం ఎదురుచూడడం, ముసుగు రెబెకా శిల్పం ముందు నిలబడడం ఈ ప్రాంతపు బడి విహారయాత్రల్లో భాగం. తెలిసిన చోట తమ ఈడు వాడికి ప్రాణాపాయం రావడమే వారిని తాకింది. ఈ హింసను 1991లో అనుచితమని ఎవరూ తలపోసినట్టు లేదు. పిల్లవాడు ఆపదలో పడి బయటపడడం జానపద కథలకు సహజమే గనుక కాబోలు.

ఇక్కడ ఒక చారిత్రక యాదృచ్ఛికత ప్రస్తావించదగినది. ప్రతినాయకుడు రాజావర్మగా నటించిన అమ్రీష్ పురి, 1984లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’లో మోలారామ్ పాత్రధారి. పిల్లలను బానిసలుగా పనిచేయించే, మనిషి గుండెను పెరికే ఆ పాత్ర ఉన్న చిత్రమూ, అదే ఏడాది వచ్చిన ‘గ్రెమ్లిన్స్’ చిత్రమూ అమెరికాలో కలిగించిన ఆక్షేపణ వల్లే అక్కడ ‘పీజీ-13’ అన్న కొత్త వర్గం పుట్టింది. ఒక దేశంలో బాలప్రేక్షకుల వర్గీకరణనే మార్చిన చిత్రంలోని ప్రతినాయకుడు, ఏడేళ్ల తరువాత తెలుగు కుటుంబచిత్రంలో ఏ ఆక్షేపణా లేకుండా పసివాణ్ణి భయపెట్టాడు. అమెరికావారి తూకం మాత్రం సరైనదనలేం. 1985 నాటి ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ అక్కడి కుటుంబాలకు మన ‘ఆదిత్య 369’ లాంటి జ్ఞాపకం. అందులో గతంలోకి వెళ్లిన కుమారుని మీద తల్లి మనసుపడడం, కారులో ఆమెపై జరిగే అత్యాచార యత్నం హాస్యకథ నడుమనే ఉన్నాయి. కాలయాన చిత్రాలు తమ తండ్రితాతల కాలాన్ని అమాయకంగా చూపుతామని బయలుదేరి, తాము తీసిన కాలపు అపరాధాలనే ఎక్కువగా బయటపెడతాయి.

ఆలేరు నుంచి 1526

ఈ చిత్రంలోని గతం విజయనగరం కావడం కూడా పరిశీలించదగిన ఎంపిక. తెలుగు సినిమాకు గతమంటే హంపీయే. భువనవిజయం, అష్టదిగ్గజాలు, తెనాలి రామకృష్ణుడు అంటే ఆ వైభవాన్ని ప్రేక్షకుడు పాఠ్యపుస్తకం నుంచే తెచ్చుకుంటాడు. విడిగా పరిచయం చేయనవసరం లేదు. యంత్రం స్థలం మార్చక కాలం మాత్రమే మార్చేదైతే, ఆలేరులో మీట నొక్కినవాడు 1526లో ఎవరిని కలిసేవాడు? రాయలను కాదు. అప్పటికి గోలకొండలో సుల్తాన్ కులీ స్వతంత్రాధికారం నిలదొక్కుకుంటోంది. రాచకొండ, దేవరకొండ వెలమ ప్రభువుల వైభవం గతించింది. ఇంకా వెనక్కి నాలుగైదు శతాబ్దాలు పోతే, ఆలేరుకు సమీపంలోని కొలనుపాక, శాసనాల్లోని కొల్లిపాక, కల్యాణి చాళుక్యుల కాలంలో ఏడువేల నాడుకు కేంద్రం. జైన ఆలయం, వీరశైవులకు పవిత్రమైన సోమేశ్వరాలయం, ఆ ఆవరణలో పేర్చిన విరిగిన శిల్పాలు నేటికీ ఉన్నాయి. పక్కనే ఇంతటి గతముండగా ఈ ప్రాంతపు బాలుడు ‘చరిత్ర’ను చూడడానికి తెరమీది హంపీకి వెళ్లవలసివచ్చింది. దర్శకుణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ప్రేక్షకునికి ముందే తెలిసిన గతాన్నే వాణిజ్య చిత్రం వాడుకోగలదు. అయితే ఔచిత్యస్థానాల్లో దేశం కూడా ఒకటని క్షేమేంద్రుడు చెప్పిన మాట ఇక్కడ గుర్తుకురాక మానదు.

భవిష్యత్తు ఘట్టం గురించి విమర్శకులు తక్కువగా రాశారు. నా అభిప్రాయంలో చిత్రంలో పిల్లలతో కూర్చుని తప్పక మాట్లాడవలసిన భాగం అదే. 2504లో అణుయుద్ధానంతర వికిరణం వల్ల భూమి ఉపరితలం నివాసయోగ్యం కాక, మనుషులు నేలకింద బతుకుతుంటారు. చెర్నోబిల్ ప్రమాదం 1986లో జరిగింది. గల్ఫ్ యుద్ధం 1991 ఆరంభంలో ముగిసింది. ఆ భయాలు చిత్రంలో ఉన్నాయి, కాని వాటిని నిలిపి ఆలోచించే తీరిక లేక కథ మళ్లీ వజ్రం వెంట పరుగెత్తింది. ఈ తొందరపాటే నాకు మొత్తం చిత్రంలో అన్నిటికన్న పెద్ద అనౌచిత్యంగా తోస్తుంది.

చిత్రం వచ్చిన పుష్కరకాలానికి, 2003లో, అదే నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయం దాపున లంబాపురం–పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదనపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వికిరణమన్న మాట సినిమా నుంచి ఊరి సభలోకి వచ్చింది. తెరమీద భూగర్భం మనిషికి చివరి ఆశ్రయం. ఈ జిల్లా ప్రజలకు భూగర్భమంటే బోరుబావి, బోరుబావి అంటే ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పిల్లల పళ్లమీద గార, పెద్దల వంగిన వెన్నెముకలు దశాబ్దాలపాటు దాని గుర్తులు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును పేరబెట్టి తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే పెట్టింది. దేశవిదేశాల నీటి ఇంజనీర్లు ఈ జిల్లా పేరును ఆ విధంగానే ఎరుగుదురు. తెలుగు వైజ్ఞానిక కల్పన ఇప్పటికీ ఆ నీటి దగ్గరికి రాలేదు.